నీలమా, పసుపా

బిష్కెక్,
మార్చి 12

ఒరే బేషెన్,

ఉత్తరం చూసి కంగారుపడకు, బతికే ఉన్నాను. గొంతులో గడ్డ తీసేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తుందని డాక్టర్లు అంటున్నారు. అంతవరకూ వాడుకోమని మా అమ్మాయి జిబెక్ ఒక పలక కొనిచ్చింది. దాన్ని మెడలో వేలాడదీసుకుని తిరుగుతున్నాను. టీ కావాలన్నా రాయాలి, చక్కెర చాలలేదన్నా రాయాలి.

మరల మోతలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి నీకు చెవులు పోయాయి. ఇప్పుడు నాకు నోరు పోయింది. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. అందుకని తలాయ్ వ్యాను మన బార్స్కోన్ వచ్చే ప్రతి మంగళవారం ఉత్తరం పంపుతాను. వాడికి ఓ గిన్నెడు టీ పోసి జవాబు ఇచ్చి పంపు.

ఇక అసలు సంగతి. నిన్న జిబెక్ నన్ను పనిముట్ల బజారుకు తీసుకెళ్ళింది. మన ఎర్ర రంగు డ్రిల్లుల కంపెనీ మన పాత రకం బ్యాటరీలు చెయ్యడం మానేసిందట. కొత్త రకం మన డ్రిల్లుల్లో దూరదు. మన దగ్గరున్నవి చచ్చేదాకా వాడుకోవడమే, తర్వాత అన్నీ అటకెక్కించడమే. ఆ ఎర్రదాన్ని ఎంచింది ఎవరో ఇప్పుడు గుర్తుచెయ్యను. నువ్వే.

కాబట్టి మళ్ళీ మొదటినుంచీ ఎంచుకోవాలి, ఈసారి నిదానంగా. ఒక రంగు బ్యాటరీ గుమ్మం దాటి లోపలికి వచ్చిందంటే డ్రిల్లు, రంపం, చిత్రిక మర అన్నీ ఆ రంగువే తెచ్చుకోవాలి. ఒకరి బ్యాటరీ ఇంకొకరి మరలో ఎక్కదు. నాకైతే నీలం నచ్చింది. చేతిలో ఇమిడిపోతోంది. గుడారం పైకప్పు చెక్క వలయానికి చేతులెత్తి రంధ్రాలు వేసేటప్పుడు భుజం లాగదు. కరెంటు లేని మేతబయలు మీద రెండు బ్యాటరీలతో ఒక గుడారం పని అయిపోతుందని కొట్టువాడు ఒట్టేసి చెప్పాడు.

ఆగస్టుకల్లా వచ్చేస్తాను. శరదృతువులో ఇవ్వాల్సిన పన్నెండు గుడారాలూ నువ్వొక్కడివే మొదలెట్టి పాడుచెయ్యకు.

నీ సపర్

*

బార్స్కోన్,
ఏప్రిల్ 2

ఒరే సపర్,

గొంతు పోయినా నోటి దురుసు పోలేదు, సంతోషం.

నీలం సంగతి రాశావు కదా, కరకోల్ వెళ్ళి నేనూ చేత్తో పట్టి చూశాను. పిల్లలు ఆడుకునే బొమ్మలా ఉంది. గోడలకు వాడే మెత్తటి విల్లో కర్రకైతే అది చాలు. మరి వలయానికి వాడే ముదురు బిర్చి చెక్క మాటేమిటి? మధ్యలో ఆగిపోయి నీ మొహం నా మొహం చూస్తుంది. పసుపు తీసుకుందాం. బరువే, కాదనను. మనమేమన్నా గాజుల కొట్టు పెడుతున్నామా? పసుపు పాడైతే బాగుచేసేవాడు కరకోల్‌లోనే ఉన్నాడు. నీలం పాడైతే బిష్కెక్ పంపి, వాళ్ళు ఎప్పుడిస్తే అప్పుడు తెచ్చుకోవాలి.

మన ఎర్ర బ్యాటరీలు తొమ్మిదింట్లో మూడు బతికున్నాయి. పొద్దున్నే చలికి అవీ లేవవు. చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబెట్టాక పనిచేస్తున్నాయి. నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా గుండెలకు హత్తుకున్నావా అని మా ఆవిడ దెప్పుతోంది.

గోడల అల్లికకు కర్రలు చీల్చడం అయింది. ఒక్కో గుడారానికి రెండు వేల రంధ్రాలు. నువ్వు రంధ్రం వేస్తే నేను పచ్చితోలు ముడి వెయ్యడం అలవాటై, ఇప్పుడు రెండూ నేనే చేస్తుంటే చెయ్యి తడబడుతోంది. త్వరగా రా.

పసుపే. ఇందులో మాట మార్చేది లేదు.

బేషెన్

*

బిష్కెక్,
ఏప్రిల్ 16

బేషెన్ బాబాయ్‌కి నమస్కారాలు,

ఈ ఉత్తరం నాన్నకు తెలియకుండా రాస్తున్నాను. తలాయ్‌ను మీ చేతికే ఇమ్మన్నాను.

నాన్న గొంతులో గడ్డ మంచిది కాదు బాబాయ్. తీసినంత తీశారు, కానీ అది అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. వేసవి దాటడం కష్టమని పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నాన్నకు మాత్రం అది మామూలు గడ్డేనని, నయమైపోతుందని చెప్పాం. ఆ పేరు వింటే ఆయన ఆ రోజే మంచం పట్టేస్తారని నా భయం. మీరూ చెప్పకండి.

మీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న రెండు గిన్నెల సూప్ తాగారు. పలక మీద డ్రిల్లు బొమ్మ వేసి, దానికి మీ మీసాలు పెట్టి నాకు చూపించారు. నీలం, పసుపు అని మీరిద్దరూ పోట్లాడుకుంటూ ఉన్నంతకాలం ఆయన తిని తిరుగుతారు. దయచేసి త్వరగా ఒప్పుకోకండి.

మీ జిబెక్

*

బార్స్కోన్,
ఏప్రిల్ 23

అమ్మా జిబెక్,

చదివాను. పని షెడ్డులో కూర్చుని చదివాను.

నువ్వడిగినట్టే చేస్తాను. కానీ నీకు తెలియని సంగతి ఒకటుంది, అది చెప్పకుండా ఊరుకోలేను.

పద్నాలుగేళ్ళ కిందట మీ అమ్మ బురుల్ పోయినప్పుడు మేమిద్దరం కొండ మీద మేతబయల్లో గుడారం వేస్తున్నాం. ఊరినుంచి గుర్రం మీద మనిషి వచ్చాడు. నీళ్ళ కోసం కిందికి దిగి ఉన్నాను కాబట్టి ముందు నేనే ఎదురయ్యాను. బురుల్‌కి బాగాలేదు, సపర్‌ను వెంటనే తీసుకురమ్మన్నారు అన్నాడు. నేనతన్ని అక్కణ్ణించే తిప్పి పంపేశాను. మీ నాన్నతో మాత్రం, ఇంటిదగ్గర జ్వరమట, పని ముగించుకుని రేపు వెళ్దువులే అన్నాను. చెడ్డ కబురు మొహాన కొట్టకూడదు, మెల్లగా చెప్పాలి అన్నది మన పద్ధతి కదా, అదే చేస్తున్నాననుకున్నాను. గుడారం ఆగిపోతుందన్న బెంగ కూడా ఉంది, ఎందుకు దాచాలి. ఆ మర్నాడు మీ నాన్న వెళ్ళేసరికి అయిపోయింది. పోయేముందు బురుల్, తప్పొప్పులు మన్నించుకుని ‘నేను నీతో రాజీ, నువ్వు నాతో రాజీయా’ అని అడగడానికి మొగుడి కోసం చూసిందట. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. రాజీ అనిపించుకోకుండా పోయినవాళ్ళకి, చెప్పకుండా మిగిలినవాళ్ళకి అది ఎంత బరువో నీకు నేను చెప్పక్కర్లేదు.

మీ నాన్న ఆ విషయం నన్నెప్పుడూ అడగలేదు. తెలియదనే అనుకుంటున్నాను. అదే పని రెండోసారి చెయ్యమంటున్నావు నన్ను. చేస్తాను, నువ్వడిగావు కాబట్టి.

మీ బాబాయ్ బేషెన్

*

బార్స్కోన్,
మే 14

ఒరే సపర్,

ఆలస్యానికి తిట్టకు, పనెక్కువగా ఉంది.

పసుపు గురించి ఇంకా వాకబు చేశాను. ఒక్కటి కొనడం దండగట. రెండు డ్రిల్లులు, ఒక రంపం, ఒక చిత్రిక మర, ఆరు బ్యాటరీలు, రెండు ఛార్జర్లు కలిపి ఒకే పెట్టెలో వస్తున్నాయి. నీకొకటి, నాకొకటి. అయిదేళ్ళ గ్యారంటీ. అయిదేళ్ళలో ఎప్పుడు పాడైనా కొత్తది ఇస్తారు. వచ్చే ఏడు వేసవిలో మేతబయలుకి రెండు చోట్ల రెండు బృందాలుగా వెళ్ళొచ్చు, ఒకచోట నువ్వు, ఒకచోట నేను. ఆ పైయేడు ఇంకా పెద్ద షెడ్డు వేద్దాం.

గొంతు ఎలా ఉంది? ఏదైనా తీపి తిను, వస్తుంది. నీ ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందని జిబెక్ చెప్పినట్టు తలాయ్ చెప్పాడు.

బేషెన్

*

బిష్కెక్,
జూన్ 18

ఒరే బేషెన్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇరవై ఆరేళ్ళలో నువ్వు నా ఆరోగ్యం బ్రహ్మాండమని అనడం ఇదే మొదటిసారి. నాకు గుర్రం తన్ని పక్కటెముకలు విరిగిన రోజు కూడా, లేవరా పని ఉంది అన్నావు. అయిదేళ్ళ గ్యారంటీ దగ్గర నవ్వొచ్చి కోసిన చోట లాగింది.

రెండు డ్రిల్లులు వద్దు. ఒకటే కొను. రెండు బ్యాటరీలు, ఒక ఛార్జర్. ఎక్కువ కొంటే వాడకుండా మూలపడి పాడైపోతాయి. పొద్దున్నే వాటిని కొండ మీదికి మోసేది నువ్వొక్కడివే, నీ నడుం సంగతి నాకు తెలుసు. తేలికదని నీలం అన్నది అందుకే. నా భుజం కోసం కాదు, నీ భుజం కోసం.

అయినా ఈ గొడవ ఇక చాలు, నేనే దిగివస్తున్నాను. నీకు పసుపే కావాలంటే పసుపే తీసుకో. నేను నీతో రాజీ. నువ్వు నాతో రాజీయా? పై మంగళవారమే జవాబు రాయి. వేరే ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు.

సపర్

*

బార్స్కోన్,
జులై 2

సపర్,

రాజీ ఏమిట్రా? మరల దగ్గర వాడాల్సిన మాటా అది? పెద్దవాళ్ళు ఎప్పుడు వాడతారో తెలిసి కూడా రాశావు. ఇంకెప్పుడూ రాయకు.

పైగా నేను ఒప్పుకోవడం లేదు. నిన్నరాత్రంతా ఆలోచించాను, నువ్వు మొదట అన్నదే నిజం. నీలమే మంచిది. పసుపు మరీ బరువు. బిర్చి చెక్కకు ముందు పాత చేతి బరమాతో చిన్న రంధ్రం వేసుకుంటే నీలం కూడా దిగుతుంది. కాబట్టి నువ్వు పసుపన్నావు, నేను నీలం అంటున్నాను. ఇద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఆగస్టులో నువ్వు ఇక్కడికి వచ్చాక ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం. నువ్వు రాకుండా నేనేమీ కొనను.

సూప్ తాగుతున్నావా?

బేషెన్

*

బిష్కెక్,
జులై 30

బేషెన్,

పడుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే సర్దుకుని చదువు.

నాకు తెలుసు. ఏప్రిల్‌లోనే తెలుసు. డాక్టరు బల్ల మీద నా కాగితం ఉంటే చదివాను. గొంతు కోశారు కానీ కళ్ళు పీకలేదు కదా. జిబెక్ నాకు తెలియదనుకుంటోంది. పొద్దున్నే మొహం కడుక్కుని, నవ్వు తగిలించుకుని గదిలోకి వస్తుంది. అంత కష్టపడి దాస్తున్నదాన్ని నాకు తెలుసని ఎలా చెప్పను? నువ్వూ చెప్పకు. నేను పోయాక మాత్రం, మీ నాన్న నీతో రాజీ, వెయ్యిసార్లు రాజీ అన్నాడని నా మాటగా దానికి చెప్పు.

ఇప్పుడు నీ సంగతి. బురుల్ పోయిన రోజు నువ్వేం చేశావో నాకు తెలుసు. గుర్రం మీద వచ్చినతనే మూడేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో తాగి చెప్పేశాడు. రెండేళ్ళు నీ మీద కోపం పెట్టుకుని నీ పక్కనే రంధ్రాలు వేశాను. ఒకసారి రంపం చేతిలో ఉండగా నీ మెడ వైపు చూశాను కూడా. తర్వాత ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. నువ్వు పనిలో పడితే మనిషివి కావు, మొద్దువి. చెడ్డవాడివి కావు.

బ్యాటరీలు గంగలో కలవనీ. నేనడిగేది వాటి గురించి కాదని నీకు తెలుసు. నేను నీతో రాజీ. బురుల్ విషయంలో కూడా. నా వల్ల నీకు ఏ కష్టం కలిగినా నువ్వూ రాజీ అను. ఆమెకు దొరకనిది నాకైనా దొరకాలి. ఒక్క మాట రాయి. లేదా రా.

సపర్

*

బార్స్కోన్,
ఆగస్టు 6

సపర్,

నీ ఉత్తరం చదివి మూడు కాగితాలు చింపేశాను, ఇది నాలుగోది.

అన్నీ తెలిసి నా పక్కన పదకొండేళ్ళు పనిచేశావు. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదిరా నాకు.

ఆ మాట రాయను. నువ్వెంత అడిగినా రాయను. అది రాస్తే నీకిక ఆగే పని ఉండదు. నేను రాయనంతకాలం నువ్వు కోపంతోనైనా నా జవాబు కోసం చూస్తావు. తిట్టుకో, పలక మీద నాకు గాడిద చెవులు పెట్టి బొమ్మ వెయ్యి, కానీ ఉండు.

వచ్చే మంగళవారం తలాయ్ వ్యానులో నేనే వస్తాను. ఈ వారమే వద్దును, కానీ వలయం చెక్కకి ఆవిరి పట్టించి అచ్చులో వంచి పెట్టాను. ఇప్పుడు వదిలేసి వస్తే విచ్చుకుపోతుంది. సోమవారానికి అది గట్టిపడుతుంది. వచ్చి నీ పక్కన కూర్చుని, నువ్వు పలక మీద రాస్తే నేను నోటితో చెప్తాను. అంతవరకూ నీలం, పసుపు ఏదీ తేలలేదు.

బేషెన్

*

బిష్కెక్,
సెప్టెంబరు 10

బేషెన్ బాబాయ్‌కి,

నాన్నను బార్స్కోన్ తీసుకొచ్చిన రోజు మీతో మాట్లాడలేకపోయాను. మట్టి చేసేదాకా ఆయన్ని పడుకోబెట్టడానికి మా పాత ఇంటి వాకిట్లో గుడారం మీరొక్కరే వేశారని, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదని చెప్పారు. చచ్చినా మీ రుణం తీర్చుకోలేం.

మీ ఆఖరి ఉత్తరం మంగళవారం అందింది. నాన్న చదివి, చప్పుడు లేకుండా చాలాసేపు నవ్వారు. పలక మీద ‘మొండిఘటం’ అని రాసి నాకు చూపించారు. ఆ తర్వాత తలుపు కనబడేలా తన మంచం తిప్పించుకున్నారు. కింద వ్యాను హారన్ మోగినప్పుడల్లా పలక మీద ‘వచ్చాడా?’ అని రాసేవారు. మంగళవారం కదా నాన్నా వచ్చేది అని నేను అంటూ ఉన్నాను. ఆదివారం పొద్దున పోయారు. పలక మీద ఆ ఒక్క మాట అలాగే ఉంది, నేను తుడవలేదు.

మీ ఉత్తరాలన్నీ ఆయన దిండు కింద దొరికాయి. ఆఖరిదాంట్లో ‘ఆ మాట రాయను’ అని ఉంది. ‘అన్నీ తెలిసి’ అని కూడా ఉంది. నాకు ఆ రెండూ చదివినప్పటినుంచీ నిద్ర లేదు. తన జబ్బు సంగతి నాన్నకు తెలుసా బాబాయ్? తెలిసి ఉంటే నేనెవరి కోసం అబద్ధాలాడాను? ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాల్సిన నెలలన్నీ ఆయన ముందు నవ్వుతూ తిరిగాను. నా మనసు కష్టపడుతుందని ఈసారి దాచకండి.

జిబెక్

*

బార్స్కోన్,
సెప్టెంబరు 19

అమ్మా జిబెక్,

తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు. డాక్టరు బల్ల మీద కాగితం చదివాడు. నీకు తెలియనివ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వు ఆయన కోసం దాచావు, ఆయన నీ కోసం దాచాడు. మధ్యలో నేను ఇద్దరికీ తలూపాను. ఒక్క ముక్క అటో ఇటో చెప్పి ఉంటే తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఆ భాగ్యం మీకు లేకుండా చేశాను. మీ నాన్న నీకు చెప్పమన్న మాట ఇది, ఆయన రాసింది రాసినట్టు చెప్తున్నాను: ‘నీతో రాజీ, వెయ్యిసార్లు రాజీ.’ ఆ ఉత్తరం దీంతోపాటే పంపుతున్నాను, నీ దగ్గరే ఉంచుకో.

నాకేమో ఆయన అడిగింది ఒక్క మాట. మీ అమ్మ విషయంలో నేను చేసిన పని తెలిసి కూడా తను రాజీ అన్నాడు. తిరిగి అదే మాట నన్ను అడిగాడు. చెక్క అచ్చులో ఉందని రాశాను నేను. అది సాకమ్మా. చెక్క పోతే ఇంకొకటి వంచుకునేవాణ్ణి. ఆ గదిలోకి రావాలంటే భయమేసింది. ఈసారి కబురు సరాసరి నాకే వచ్చింది, దాచడానికి మధ్యలో మనిషి కూడా లేడు. అయినా సమయానికి బయల్దేరలేదు.

మట్టి చేసేముందు నమాజు చదివించిన మొల్దో అందరినీ అడిగాడు కదా, ఈ మనిషితో మీరు రాజీయేనా అని. ఊరంతా రాజీ అంది. నేనూ అన్నాను. చెవిటివాణ్ణి కదా, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియలేదు, అందరూ తిరిగి నావైపు చూశారు. ఇంకోసారి అన్నాను. సపర్ బతికుండగా అనాల్సింది అది.

నన్ను క్షమించమని అడగను. కోపం ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంచుకో. తిట్టాలనిపిస్తే ఉత్తరం రాసి తిట్టు, మీ నాన్నలా లోపల పెట్టుకోకు.

ఆర్డరు గుడారాలు ఇంకా ఏడు మిగిలాయి. ఎర్ర బ్యాటరీలు మూడూ పోయాయి. మొన్న శుక్రవారం కరకోల్ వెళ్ళాను. కొట్టువాడు బల్ల మీద నీలం ఒకవైపు, పసుపు ఒకవైపు పెట్టి, ‘పెద్దాయనా, ఏది కట్టమంటావు?’ అని నా చెవిలో అరిచాడు. రెండూ చేత్తో ఎత్తి చూశాను. ‘మావాణ్ణి ఒక మాట అడిగి వస్తాను’ అని చెప్పి కొట్లోంచి బయటికొచ్చాను. బస్సెక్కి కూర్చుని సగం దారి వచ్చాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

మీ బాబాయ్
బేషెన్